నేను తీసేసిన అంకెల వరుస

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు హసన్‌పర్తి హాస్టల్ నుంచి మా ఇంటికి వచ్చి, భోజనం అయ్యాక ముందుగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఏం చేస్తున్నావని అడిగితే, కంప్యూటర్‌తో బొమ్మలు గీయించే ప్రోగ్రాముల లైబ్రరీ ఒకటి ఉందని, దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని, లోపలి ప్రోగ్రామును కూడా దాచకుండా ఇస్తారని, ఎక్కడెక్కడివాళ్లో కలిసి దాన్ని బాగుచేస్తుంటారని, తాను దాని వివరణ పేజీలు సరిచేస్తున్నానని చెప్పింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని చూశాను. ఉదాహరణల్లో ఖాళీలు సరిచేస్తోంది, పట్టికలో వరుసలు సమం చేస్తోంది. "ఇందుల పెద్ద పనేం లేదు తాతా, ఉత్త ఫార్మాటింగే. తప్పు వోయినా ఎవ్వరికి నష్టం లేదు" అని నవ్వింది. నేను కళ్లద్దాలు తుడుచుకునే నెపంతో లేచి లోపలికి వెళ్లాను.

ఇటువంటి పనే నేనూ ఒకసారి చేశాను. నలభై ఏళ్లు దాటింది. ఆ సంగతి ఇప్పటివరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

మన వయసువాళ్లకు టైపు ఇన్‌స్టిట్యూట్ల గురించి చెప్పనక్కర్లేదు. డెబ్భైలలో నేను వరంగల్ మట్టెవాడలో ఒక మేడమీద టైపు నేర్చుకున్నాను. అక్కడి మాస్టారు మేము కొట్టిన కాగితాన్ని చేయి చాపి దూరంగా పట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా, పేజీ ఆకారం మాత్రం చూసి మార్కులు వేసేవారు. మార్జిను ఇరువైపులా సమంగా ఉండాలి, పేరా ఐదు ఖాళీల తర్వాత మొదలుకావాలి, అంకెల మధ్య ఎడం ఒకేలా ఉండాలి. రెండేళ్లు ఆ మనిషి చేతికింద ఉన్నాక నాకు కూడా కాగితాన్ని చదవడం కంటే చూడడమే అలవాటైంది. టైపులో హయ్యర్ పరీక్ష పాసై, ఎనభైలలో ఒక ఇంజనీరింగ్ కళాశాల కంప్యూటర్ సెంటర్‌లో తాత్కాలిక టైపిస్టుగా చేరాను. ఆ ఉద్యోగం మా పెదనాన్న కొడుకు మాట మీద వచ్చింది.

ఆయన అక్కడే ప్రోగ్రామర్‌గా పనిచేసేవాడు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కొత్తవాడలో మా పెదనాన్న జంఖానాలు, అంటే నూలు తివాచీలు, నేసేవాడు. అన్న చిన్నప్పుడు మగ్గం పక్కన కూర్చుని, గళ్ల కాగితం మీద ఉన్న డిజైను చూస్తూ ఏ గడిలో ఏ రంగు దారం రావాలో తండ్రికి చదివి చెప్పేవాడట. కంప్యూటర్ సెంటర్‌కు కాగితం మీద పెన్నుతో గీసే యంత్రం వచ్చినప్పుడు దాన్ని నడిపే ప్రోగ్రాములు మాత్రం చాలీచాలనివి వచ్చాయి. అన్న రెండేళ్లు కూర్చుని గీత, వంపు, వృత్తం, పటం, ఒక్కొక్కటి గీసే చిన్న చిన్న ప్రోగ్రాములు నలభైదాకా రాశాడు. వాటిని అడిగిన కళాశాలలన్నిటికీ ఊరికే ఇవ్వాలన్నది ఆయన పట్టుదల. ఆ రోజుల్లో ప్రోగ్రామును అట్ట కార్డుల మీద రంధ్రాలుగా కొట్టి కంప్యూటర్‌కు ఇచ్చేవారు; ఆ కార్డుల కట్టలు నకలు తీయించి, వాడే పద్ధతి చెప్పే పుస్తకం ఒకటి చేతిరాతతో తయారుచేశాడు. దాన్ని స్టెన్సిల్ మీద టైపు చేసి, సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీయడం నా పని.

ఆ పని నా చేతికి వచ్చేసరికే అన్న మంచాన పడ్డాడు. మూత్రపిండాలు చెడిపోయాయి. హైదరాబాద్ తీసుకుపోయి, తీసుకువచ్చి, చివరకు వరంగల్ దవాఖానలోనే ఉంచారు. కాళ్లు ఉబ్బాయి, చూపు మసకబారింది. మనుషులను గొంతును బట్టి గుర్తుపట్టేవాడు.

ఆయన చేతిరాత పేజీలు నాకు అందంగా కనిపించలేదు. ప్రతి ఉదాహరణ పైన ఒకటి నుంచి తొమ్మిది, సున్నా, మళ్లీ ఒకటి నుంచి అని ఆ చివరిదాకా అంకెల వరుస ఒకటి రాసి ఉండేది. దాని కింద ఇవ్వవలసిన సంఖ్యలు, కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా ఉండేవి. పై వరుస ఆయన తనకోసం లెక్కపెట్టుకున్న చిత్తు అనుకున్నాను. దాన్ని అన్ని పేజీల్లోంచి తీసేశాను. కింది సంఖ్యలను ఐదు ఖాళీల తర్వాత మొదలుపెట్టి, సమాన ఎడంతో, ముచ్చటగా అమర్చాను. అన్నను అడగవలసింది. అడగకుండా చేసి సంతోషపెట్టాలనుకున్నాను.

పుస్తకం పట్టుకుని దవాఖానకు వెళితే, అన్న పేజీలు తిప్పి, వేళ్లతో అంచులు తడిమి చూశాడు. పక్కన మా వదిన "అచ్చేసిన పుస్తకం లెక్కనే ఉన్నది" అంది. అన్న నవ్వాడు. "వీని చేతుల వడితె రేషన్ కార్డు గూడ పెండ్లి పత్రిక లెక్క ఐతదే" అన్నాడు. ఆ తర్వాత ఆయన నవ్వడం నేను చూడలేదు.

పుస్తకాలు, కార్డుల కట్టలు తపాలాలో వెళ్లిన నెలలోపే ఉత్తరాలు రావడం మొదలైంది. ఉదాహరణలు నడవడం లేదని, పెన్ను కాగితం దాటి పోతోందని, ఒకచోట కాగితం చినిగిందని రాశారు. అన్న చదవలేడు కనుక ఆ ఉత్తరాలు నేనే చదివి వినిపించవలసి వచ్చింది. మర్నాటి నుంచి నాచేత ప్రోగ్రాముల ప్రింటు తెప్పించి, సాయంత్రం చూడడానికి వెళ్లినప్పుడల్లా ఒక్కొక్క వరుస చదివించుకుంటూ, కళ్లు మూసుకుని వెతికేవాడు. బతుకుతానన్న ఆశ ఆయనకు అప్పటికే లేదు. తాను రాసింది సరైనదో కాదో తెలిసి పోవాలన్నదొక్కటే మిగిలింది.

"ఏడ తప్పైందో దొర్కుతలేదురా" అన్నాడు ఒకరోజు. "ఒక పని జెయ్. పుస్తకంల ఉన్నది ఉన్నట్టు మన అక్కతోని కార్డులు గొట్టిచ్చి, నడిపియ్యి. ఏమొస్తదో నాకొచ్చి చెప్పు."

అక్క అంటే మా సెంటర్‌లో కార్డులు పంచ్ చేసే ఆవిడ. మా దగ్గర అన్న చేయించిన పాత కార్డులే వాడుతూ ఉండడంతో, నా పుస్తకాన్ని అంతవరకు ఎవరూ తెరవనే లేదు. అక్క మొదటి ఉదాహరణ పేజీ చూసి చేయి ఆపేసింది.

"గీ పేజీ ఎవ్వలు గొట్టిన్రు తమ్మీ?"

నేనే అన్నాను.

"మరి మీ అన్న రాసిన గడుల నంబర్లేవి? పైన ఒక వరుస ఉండాలె గద. గవి లేకుంటె ఏ అంకె ఏ గడిల కొట్టాలో ఎవ్వలకెరుక?"

అప్పుడు తెలిసింది. కంప్యూటర్‌కు సంఖ్య విలువ కార్డు మీద అది ఉన్న గడిని బట్టి ఉండేది. ప్రతి సంఖ్యకూ ఐదు గడులు. సంఖ్య ఆ ఐదింటి కుడి అంచుకు ఆని ఉండాలి. ఒక గడి ఎడమకు జరిగితే వెనక మిగిలిన ఖాళీని యంత్రం సున్నాగా చదువుతుంది. అక్క నా పేజీలో ఉన్నట్టే ఒక కార్డు కొట్టి, నడిపించి చూపించింది. "ఇగ సూడు. ఇర్వై అయిదు రెండు వందల యాభై అయింది. పెన్ను కాయిదం దాటక ఏంజేస్తది? జల్ది పోయి మీ అన్నకు చెప్పు. పాపం, పండుకున్నకాడ ఇదే ఫికర్ తోని సగమైండట."

ఆ సాయంత్రం దవాఖానకు చెప్పడానికే వెళ్లాను. అన్న నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి, "నడిపిచ్చినవారా?" అని అడిగాడు. యంత్రం చెడిపోయిందని చెప్పాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో నాకు తెలుసు, కనుక తెలియదని రాయను. నాది తాత్కాలిక ఉద్యోగం. తప్పు బయటపడితే పోతుంది. అంతకంటే, నన్ను మెచ్చుకున్న ఒక్క మనిషి ముందు తల దించుకోవాలి. రేపు చెబుదామనుకున్నాను. రెండోరోజు అడిగాడు, బాగుచేసేవాడు రాలేదన్నాను. మూడోరోజూ అడిగాడు.

"నడిపినా ఏమున్నది తియ్" అన్నాడు చివరకు. "నాదే ఏడనో తప్పుంటది. అందరికి ఒక్కొక్క పోస్టు కార్డు రాయ్, వాడొద్దని. వాళ్ల పోరగాండ్ల టైము ఖరాబ్ గావద్దు."

ముందుగా ఒక పోస్టు కార్డు మీద ఆయన చెప్పినట్టే రాశాను. చదివి వినిపించమన్నాడు, వినిపించాను. నా చేతిని ఆసరా చేసుకుని సంతకం పెట్టాడు. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. మర్నాడు పొద్దున ఆయన పోయాడని కబురు వచ్చింది.

ఆ కార్డును నేను పోస్టు చేయలేదు. దినాలు అయ్యాక, పుస్తకంలోని ఉదాహరణల పేజీలన్నీ తిరిగి టైపు చేశాను. ఈసారి ఆయన కాగితం పక్కన పెట్టుకుని, గడులు లెక్కపెట్టి, ప్రతి ఉదాహరణ పైనా అంకెల వరుస ఉంచి, చూపుకు ఎలా ఉందో చూడకుండా కొట్టాను. సవరణలని రాసి అన్ని చోట్లకూ పంపాను. తప్పు ఎవరిదో అందులో రాయలేదు. రెండు నెలల్లో జవాబులు వచ్చాయి. బాగా నడుస్తున్నాయని, విద్యార్థులు పటాలు గీస్తున్నారని, కృతజ్ఞతలని రాశారు. అన్నీ అన్న పేరు మీదనే వచ్చాయి.

వాటిని కొత్తవాడకు తీసుకువెళ్లి వదినకు చదివి వినిపించాను. ఆమె మగ్గానికి దారం ఆసు పోస్తూ విన్నది. మా పెదనాన్న మగ్గం ఆపి విన్నాడు.

"అయితె ఆయినది తప్పు లేదన్నట్టేనా?" అంది వదిన.

"లేదు వదినా."

"మరి ఏడ వోయింది తప్పు?"

"టైపుల వోయింది" అన్నాను.

టైపు చేసింది ఎవరో ఆమెకు తెలుసు. చేతిలోని దారం ఆగింది. "ఆయినకు చెప్పినవా?" అని అడిగింది. నేను ఉత్తరాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె మళ్లీ అడగలేదు. లేచి చాయ్ పెట్టి తెచ్చి ఇచ్చింది. ఆ ఇంటికి నేను వెళ్లినప్పుడల్లా, ఆమె బతికినన్నాళ్లూ, అలాగే చాయ్ ఇచ్చింది. ఆ మాట మాత్రం మా మధ్య ఇంకెప్పుడూ రాలేదు.

ఆ కార్డులు, స్టెన్సిళ్లు, ఆ ఇన్‌స్టిట్యూట్లు ఇప్పుడు లేవు. ఇప్పుడు ఎక్కడో ఒకరు తప్పు చూస్తే ఆ గంటలోనే దిద్దుతారు, దిద్దినవాళ్ల పేరు, కారణం పక్కనే ఉంటాయి. మన కాలంలో అన్నీ ఆలస్యమయ్యేవని, ఉత్తరం వెళ్లి రావడానికే పదిహేను రోజులు పట్టేదని మనం ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం. నేను కూడా చాలామందితో అలాగే అన్నాను. కానీ ఆ మూడు సాయంత్రాలు నేను ఆయన మంచం పక్కన స్టూలు మీదనే కూర్చున్నాను. ఆ కబురు చేరడానికి తపాలా అవసరమే లేదు.