కుండల బండి కమాన్లు

ఈ మధ్య మా మనవరాలు, దాని పెనిమిటి కలిసి ఒక పాత వ్యాను కొన్నారు. లోపల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల తొట్టి, కిటికీలకు పూల తెరలు పెట్టించి, నన్ను అరకు తీసుకెళ్తామని వచ్చారు. దాన్ని కేంపర్ అంటారట, ఇల్లూ బండీ ఒకటేనట, ఎక్కడ పొద్దుపోతే అక్కడే వండుకుని పడుకోవచ్చట. తీరా ఘాటు ఎక్కే మొదటి మలుపుల్లోనే ఆ ఇల్లు ఒక పక్కకి ఒరిగిపోయి, అలమారలోని గిన్నెలన్నీ దొర్లిపడి, మనవరాలు వాంతి చేసుకుంటే, సగం దారిలోంచే వెనక్కి వచ్చేశాం. అప్పుడు బండిని షెడ్డులో పెట్టి, చక్రాల మీద బండి బరువు మోసే కమాను పట్టీలు మార్పించి, కొత్త షాకబ్జర్లు వేయించి, నిన్న మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి నా చేతిలో టీ గ్లాసు తొణకలేదు. ఖర్చు ఎంతయిందో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు, చెప్పకపోవడమే మంచిదయింది. కాని షెడ్డులో విప్పి నేలమీద పడేసిన ఆ తుప్పు పట్టిన పట్టీలను చూసినప్పటినుంచి మా కుండల బండి నన్ను వదలడం లేదు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాసే తీరులో తప్పులుంటే మన ఈడు వాళ్లు సర్దుకుని చదువుకోండి. మా అత్తవారు శృంగవరపుకోట దగ్గర కుమ్మరులు. మామగారు సారె తిప్పేవారు, ఆవం పేర్చి కాల్చేది మా అత్త, ఆ కుండల్ని కొండమీది సంతల్లో అమ్మేది మా ఆయనా నేనూ. మొదట్లో కావిడితోనూ, తర్వాత ఎవరి లారీలోనో బతిమాలుకునీ తీసుకెళ్లేవాళ్లం. కొన్నాళ్లకి ఒక పాత డీజిల్ వ్యాను కొనుక్కున్నాం. సంతకి ముందురోజే చేరుకుని బండి పక్కన మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకునేవాళ్లం. కుండల మధ్య గోనె పరుచుకుని పడుకునేవాళ్లం. పైన కడ్డీకి నా పాత చీరతో ఉయ్యాల కట్టి అందులో పసిగుంటని వేసేదాన్ని, ఆ గుంటే ఇప్పటి ఈ మనవరాలి తల్లి. కుండల మధ్య కుక్కిన గడ్డిని కూడా నేను పారేయనిచ్చేదాన్ని కాదు, నలిగిపోయేదాకా మళ్లీ మళ్లీ వాడి, ఆఖరికి ఆవులకి వేసేదాన్ని. ఈ కాలం వాళ్లు దాన్ని పిసినారితనం అంటారు, అననీండి.

బండి వచ్చాక కుండలు తక్కువ పగలాలి, కాని ఎక్కువ పగిలేవి. పగిలినవి కనిపిస్తాయి, వాటితో పేచీ లేదు. వెంట్రుకవాసి బీట పడినవే అసలు దొంగలు. అందుకే కొనేవాళ్లు కుండని చేత్తో పైకెత్తి వేలి కణుపుతో కొట్టి వినేవారు, ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే బీట ఉన్నట్టు. ఆ యేడు కొర్రకొత్త ముందరి సంత అంతా వానే. కొర్రకొత్త అంటే కొత్తగా పండిన కొర్రల్ని ముందు దేవతకి వండి పెట్టి, ఆ తర్వాతే ఇంటిల్లిపాదీ తినే పండుగ, దానికి పొయ్యి మీదకి కొత్త కుండే ఎక్కాలి. టార్పాలిన్ మీద వాన మోత మోగుతుంటే కుండ మోత ఎవరికి వినిపిస్తుంది? చేతికందింది తీసుకుని వెళ్లిపోయారు అందరూ.

పై వారం సంతకి పైగూడెం ముసలమ్మ ఒకామె వచ్చింది. ఏళ్ల తరబడి మా దగ్గరే కొనేది, బేరమాడేది కాదు, నవ్వేదీ కాదు. కొంగు విప్పి పెంకులు మా ముందు పోసింది.

"నీ కుండ నా పొయ్యార్పేసింది. ఊరంతా కొత్త తిన్నారు. మా పిల్లలు సూత్తా కూకున్నారు."

ఉడుకుతున్న కొర్రల గంజితో సహా కుండ రెండుగా విడిపోయిందట. దేవతకి పెట్టకుండా తినరు, వేరే కొత్త కుండ ఇంట్లో లేదు, ఉన్న పాతదాంట్లో వండరు. పండిన పంట గాదెలోనే ఉండగా ఆ ఇంట్లో పిల్లలు ఇంకా పాత చోడి, అంటే రాగి అంబలే తాగుతున్నారు. మా ఆయనకి ముఖం చెల్లక, ఉన్నవాటిల్లో మంచిది ఏరి, డబ్బులొద్దు తీసుకో పెద్దమ్మా అని చేతికివ్వబోయాడు. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది గూడా ఆ బండిలోనే గదా వచ్చింది."

అంతే అంది, వెళ్లిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు చేతిలో ఉన్న కుండల్ని నెమ్మదిగా కింద పెట్టేశారు. వచ్చే సంతకి నీ కుండ తెచ్చి తీరతాను పెద్దమ్మా అని నేను వెనకనుంచి కేకేశాను, విందో లేదో తెలీదు.

ఘాటు దిగేటప్పుడు మా ఆయన తేలిక దారి చెప్పాడు, ఒక్క కుండే కదా, పై వారం బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చెయ్యమని. నాకు ఒళ్లు మండింది. "ఒక్కటి నా ఒళ్లో తెత్తాను, మిగతావి ఎవులి ఒళ్లో తెత్తావు?" అన్నాను. ఇంటికెళ్లి పెంకులు అత్త ముందు పెడితే, ఆవిడ వాటిని వెలుగులో తిప్పి తిప్పి చూసింది, లోపలిదాకా ఎర్రగా కాలే ఉన్నాయి. అన్నం మాని కూర్చుంది పాపం, తన ఆవానికి మాట వచ్చిందని. ఆవం తప్పు కాదు, దారిది, దారిలో మోసుకెళ్లినదానిది.

మర్నాడే బండిని శృంగవరపుకోటలో మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాం. అతను కిందికి దూరి చూసి నవ్వాడు. మాకు ముందు ఆ బండి ఎవరో బండరాళ్లు తోలేవాళ్లదట, అందుకని కమాన్లకి మందపు పట్టీలు అదనంగా బిగించి ఉన్నాయి. "మీరు మోసేది రాళ్లు కాదమ్మా, మట్టి గూట్లో గాలి. గాలికింత ఇనుమెందుకు?" అన్నాడు. బరువు లేనప్పుడు ఆ కమాన్లు వంగవు, గోతిలో పడ్డ దెబ్బంతా తిన్నగా కుండలకే తగులుతుంది. ఆ పట్టీలు తీయించేశాం. తీసిన ఇనుము షెడ్డులో వదిలెయ్యమంటే వదల్లేదు, కమ్మరి దగ్గరికి పట్టుకెళ్లి కత్తిపీట చేయించాను, ఈ రోజుకీ మా ఇంట్లో గుమ్మడికాయ దాని మీదే తెగుతుంది.

తీరా పనికిరాని కుండలు వేసుకుని ఘాటు దాకా వెళ్లి చూస్తే ఇంకో తంటా. గోతుల్లో మెత్తగానే ఉంది, మలుపుల్లో మాత్రం బండి తాగినవాడిలా ఒరిగేది, ఒరిగింది లేచేది కాదు, లేస్తే ఊగుతూనే ఉండేది. పిల్ల ఉయ్యాల వెళ్లి పక్క రేకుకి కొట్టుకోబోతే చేత్తో పట్టి ఆపాను. దానికి నిద్ర కూడా చెడలేదు, నేను మాత్రం ఘాటు దిగేదాకా ఆ ఉయ్యాల వదల్లేదు. మళ్లీ మెకానిక్కు దగ్గరికే వెళ్తే, కమాను వంగుతుంది, ఆ ఊపుని పట్టి ఆపేది షాకబ్జరు, మీవి నూనె కారి చచ్చిపోయాయి అన్నాడు. కొత్తవి అనేసరికి నేను పాతవి వెతుకుదామన్నాను. పాత ఇనుము కొట్లో ఒకదాన్ని తీసి లాగి చూస్తే రోకలిలా ఊరికే వస్తోంది, పోతోంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా దండగే, కొత్తవే వేయించాం. వేశాక నేనే బండి వెనక మూల ఎక్కి దూకి చూశాను, ఒక్కసారి వంగి లేచి నిలబడిపోయింది. మెకానిక్కు నవ్వుకుంటే నవ్వుకున్నాడు. పెద్ద బానలు కిందకీ చిన్నవి పైకీ మార్చి, పేర్చే ఎత్తు కూడా తగ్గించాం.

ఆ వారం ఘాటు ఎక్కుతున్నంతసేపూ నేను కుండల మధ్యనే కూర్చుని చెవొగ్గి విన్నాను. ఒకదానికొకటి తగిలే చప్పుడు లేదు, గడ్డి నలిగే చప్పుడే. ఉయ్యాల మాత్రం మామూలు ఇంట్లో ఊగినట్టు ఊగింది.

ముసలమ్మ వచ్చింది. ఒక కుండ ఏరుకుని, కొట్టి విని, అంతటితో ఊరుకోకుండా దాన్నిండా నీళ్లు పోయించి, ఎండిన మట్టిలో పెట్టి సంతలోకి వెళ్లిపోయింది. మా ఆయన ఆ కుండ చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. ఆమె ఉప్పు, పొగాకు కొనుక్కుని తిరిగొచ్చి, కుండ ఎత్తి కింద మట్టిని వేలితో తడిమి చూసింది. పొడిగా ఉంది.

"బండికి బుద్దొచ్చినట్టుంది," అని నీళ్లు ఒంపేసి, డబ్బులు లెక్కగా ఇచ్చి, కుండ నెత్తిన పెట్టుకుంది. ఆమె వెనకే మిగతా ఆడవాళ్లూ వచ్చారు. పై సంతకి అడ్డాకులో కట్టి కొత్త కొర్రన్నం తెచ్చి మా పిల్ల చేతిలో పెట్టింది, దాన్ని చంకనేసుకుని మేము ముగ్గురం బండి పక్కన నిలబడే తిన్నాం. ఉప్పు తక్కువైంది, అయినా ఒక్క మెతుకు వదల్లేదు.

నిన్న కేంపరులో ఆ సంత మీదుగానే వెళ్లాం. కుండల వరుస ఉండే చోట రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు గుత్తులుగా వేలాడుతున్నాయి, లారీ మీదనుంచి ఒకడు విసిరేస్తుంటే కిందున్నవాడు పట్టుకుంటున్నాడు, పట్టుకోలేనివి నేలమీద పడి గెంతుతున్నాయి. కింద ఊళ్లో మా ఆవం ఉన్న చోట ఎవరో కార్లు కడిగే షెడ్డు వేశారు. నాకు కష్టంగా ఏమీ లేదు, బిందె కారకపోతే చాలు, మోసేవాళ్లకి బరువూ తక్కువే. రోడ్డు వెడల్పయింది, బండి మెత్తబడింది, మనవరాలు హాయిగా పాట పెట్టుకుంది. మలుపు వచ్చిన ప్రతిసారీ నా చేతులు మాత్రం వాటంతటవే పక్కకి చాచుకుని, పట్టుకోవడానికి ఏమీ దొరక్క మళ్లీ ఒళ్లోకి వచ్చేవి.