మా పిల్ల సరిజేసిన మలుపు

మూడు వారాల కిందట ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫోన్ వచ్చింది. "బాపు పోయిండక్కా," అంది అవతలి గొంతు. నేను ఒకప్పుడు పనిచేసిన షెడ్డులో ఫోర్‌మన్‌గా ఉన్న పెద్దాయన కూతురు ఆమె. నిద్రలోనే ప్రాణం పోయిందట. చెప్పులు విడిచి మళ్లీ ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. ఆయనతో అనవలసిన మాట ఒకటి ఏళ్ల తరబడి నా నోట్లోనే ఉండిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. నాచారం పారిశ్రామికవాడలో ఒక రేకుల షెడ్డు. అక్కడ మేము కొందరం ఇద్దరు కూర్చునే చిన్న కరెంటు కారు తయారుచేసేవాళ్లం. ముందు ఒక చక్రం, వెనక రెండు. డిజైన్ నాది, వెల్డింగూ బిగింపులూ ఆయనవి. పనివాళ్లందరికీ ఆయన మామే, నాకూ మామే. చెవి మీద సుద్దముక్క, భుజం మీద ఎర్ర తువ్వాలు. మా బండిని ఎవరైనా ఆటో అంటే ఊరుకునేవారు కాదు. "ఆటో గాదు తమ్మీ, కారు. జర సక్కగ సూడు," అని తలుపు తీసి మరీ చూపించేవారు. ప్రతి అతుకునూ చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విని, నచ్చితేనే సుద్దగీత పెట్టేవారు. నేను కంప్యూటర్లో ముచ్చటపడి గీసినవి చూసి, "బొమ్మ మస్తుంది బిడ్డా, పానా దూరే జాగ ఏది?" అనేవారు. ఒళ్లు మండేది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా. రెండు రోజులు అలిగి, మూడో రోజు మార్చేదాన్ని.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మామూలప్పుడు ఉప్పల్ రోడ్డు మీద సైకిలుకే సందు దొరకదు. అందుకని మేము బంద్ రోజుల్లో కారును పరీక్షించేవాళ్లం. నడిచి షెడ్డుకు చేరి, కారు తీసి, నాచారం నుంచి ఉప్పల్ దాకా పోయి వచ్చేవాళ్లం. దారిలో ఆపిన కుర్రాళ్లకు, "మన నాచారంల జేసిన బండి తమ్మీ, పెట్రోల్ తాగది," అని మామ చెప్పుకునేవారు. వాళ్లు నవ్వి, వెనక నుంచి ఓ తోపు తోసి పంపేవారు. రోడ్డంతా మాదే కనుక మలుపుల్లో ఎంత కావాలంటే అంత వెడల్పుగా తిప్పేవాళ్లం. అలాంటి ఒక బంద్ రోజున 'మలుపులు బాగున్నాయి' అని రిజిస్టర్లో రాసి సంతకం చేశాను.

ఆ సాయంత్రం షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. "బంద్ నాడు అందరూ మంచి డ్రైవర్లే బిడ్డా," అన్నారు మామ. "బ్యాటరీలు సీటెనుక గంత ఎత్తున పెడితివి. సోమారం పొద్దుగాల, జనంల తోలి సూడాలె."

"లెక్క సరిపోయింది మామా, ఊరికే అనుమానాలు పెట్టకండి," అన్నాను విసుగ్గా. ఆ వారంలోనే మొదటి కారు ఒక టీచరమ్మకు అప్పగించాలి. చిన్నపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని బడికి వెళ్లడానికి కొనుక్కుంది ఆమె.

సోమవారం పొద్దున మామ ఎవరికీ చెప్పకుండా ఒక్కరే కారు తీసుకుని వెళ్లారు. ఉప్పల్ మలుపు దగ్గర ఎవరో బస్సు అందుకోవాలని అడ్డంగా పరుగెత్తారు. మామ ఒక్కసారిగా తిప్పారు. కారు పక్కకు ఒరిగి పడిపోయింది. ఆయన కుడి మణికట్టు విరిగింది.

దవాఖానాలో షెడ్డు యజమాని మండిపడ్డారు, అడగకుండా బండి ఎందుకు తీశావని. మామ నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "తప్పు నాదే సార్. ఆగబట్టక తోలిన," అన్నారు. ఆయన నన్ను ముందే హెచ్చరించిన సంగతి నాకు తప్ప అక్కడ ఎవరికీ తెలియదు. నేను నోరు విప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

తర్వాత బ్యాటరీలను సీటు వెనక నుంచి తీసి అడుగుకు దించాను. వెనక చక్రాల మధ్య జానెడు ఎడం పెంచాను. కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించుకుని, మామ ఎడమచేత్తో సుద్దగీతలు పెట్టారు. అదే మలుపులో, రద్దీ వేళల్లో, రోజుల తరబడి తోలి చూశాకే టీచరమ్మకు కారు ఇచ్చాం. ఆయన చెయ్యి మాత్రం మళ్లీ వెల్డింగుకు కుదురుకోలేదు. కొన్నేళ్లకు కార్లు అమ్ముడుపోక షెడ్డు మూతపడింది. మిగిలిన ఒక్క కారునూ యజమాని మామకే ఇచ్చేశారు.

పదకొండో రోజు పీర్జాదిగూడలో వాళ్లింటికి వెళ్లాను. మామ భార్య పక్కన కూర్చుని, ఆయనతో అనవలసిన మాట ఆమెతో అన్నాను. "తప్పు నాది అత్తా. మామ ముందే చెప్పారు. నేను వినలేదు."

ఆమె నా వైపు తిరిగింది. "గా ముచ్చట నాతోని ఎన్నడు జెప్పలే బిడ్డా. బండిల ఆ మలుపు కాడికి వోయినప్పుడల్ల ఒక్కటే అనేటోడు. 'ఈ మలుపు మా పిల్ల సరిజేసింది, నువ్వు ఫికర్ జెయ్యకు' అని."

నేను ఏడ్చాను. ఆమే నా వీపు నిమిరింది.

ఆ సాయంత్రం అత్తను నిద్రకు నాచారంలో ఆమె తమ్ముడి ఇంటికి తీసుకుపోవాలి. ఇంట్లో చావు జరిగాక ఒక రాత్రి దగ్గరివాళ్లింట్లో పడుకోవడం ఆనవాయితీ. కూతురు ఆటో పిలవబోతే, "మన కారున్నది గద. ఈ బిడ్డ తోలుతది," అంది అత్త.

ఉప్పల్ మలుపు దగ్గర ఎప్పటిలాగే బస్సులు, ఆటోలు, అడ్డంగా పరుగెత్తే జనం. స్టీరింగ్‌ను రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను. గట్టిగా తిప్పాను. కారు ఒరగకుండా తిరిగింది. పక్కకు చూస్తే, అత్త తలుపును గానీ సీటును గానీ పట్టుకోలేదు. ఒళ్లో పెట్టుకున్న మామ ఎర్ర తువ్వాలును రెండు చేతులతో మెల్లగా మడతపెడుతోంది.