రాజంపేట బస్సు ఎక్కలేదు

ఎల్లారెడ్డి బస్టాండులో పొద్దున ఏడింటి కామారెడ్డి బస్సు ఎక్కాం, నేనూ నా భార్య సుజాతా. కామారెడ్డిలో బస్సు మారి రాజంపేట వెళ్లాలి. అక్కడ సుజాత వాళ్లక్క ఇంటి పక్కనే బొడ్డు సరిచేసే అవ్వ ఉంది. బరువెత్తాక కడుపు నొస్తే మా వైపు బొడ్డు జరిగిందంటారు. పొట్టకు నూనె రాసి గట్టిగా రుద్ది, దాన్ని మళ్లీ దాని చోటికి తెస్తారు. సుజాత ముందురోజు వడ్ల బస్తా జరిపింది. సాయంత్రానికి బొడ్డు చుట్టూ నొప్పి. ఇంకేమైనా కావచ్చని ఎవరికీ తోచలేదు, నాక్కూడా.

నేను దర్జీని. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా మా ఊరి గ్రంథాలయంలో చదువుకున్నాను. అక్కడి వైద్యం పుస్తకాలన్నీ పూర్తిచేశానని చెప్పుకోవడం నాకిష్టం. ఆ సాయంత్రం చదివినట్టే చేశాను. వాము వేసి కాచిన నీళ్లు గుక్కగుక్కగా తాగించాను, మెత్తటి అన్నంలో మజ్జిగ కలిపి కొంచెం పెట్టాను. అజీర్తికీ గ్యాసుకీ చాలాసార్లు అంతే చాలు, కొన్ని గంటల్లో తగ్గుముఖం పడుతుంది. సుజాతకు తగ్గలేదు. తెల్లారేసరికి వాంతి కూడా అయింది.

కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆమెకు సున్నా టికెట్ ఇచ్చాడు. నేను డబ్బులు తీస్తుంటే, "నొప్పి నాది, ఖర్చు నీది" అని నవ్వింది సుజాత.

లింగంపేట దాటాక స్పీడు బ్రేకరు మీద బస్సు ఎగిరిపడింది. సుజాత "అవ్వా!" అని పొట్ట పట్టుకుంది. ముందు సీట్లో ఉన్న ముసలావిడ వెనక్కి తిరిగింది.

"ఏమైంది బిడ్డా?"

"బొడ్డు జరిగిందవ్వా. రాజంపేటకు పోతున్నం."

"గంత దూరమెందుకే? నా చెయ్యి గూడ తిరిగిన చెయ్యే. ఇటు జరుగు, ఈడనే రుద్దుత. సంచిల నూనె ఉన్నది."

సుజాత ఆశగా జరగబోయింది. ఆమె చెయ్యి ఎక్కడుందో అప్పుడు చూశాను. బొడ్డు మీద లేదు. దానికి కుడిపక్కన, కిందికి ఉంది.

"నొప్పి ఏడున్నది?" అని అడిగాను.

"రాత్రి నడుమ ఉండె. ఇప్పుడు గీడికొచ్చింది."

నుదురు తాకితే కాలుతోంది. నడుమ మొదలై కుడివైపు కిందికి దిగే నొప్పి, వాంతి, జ్వరం, కుదుపుకు పొడిచినట్టవడం. ఇవన్నీ కలిస్తే అపెండిక్స్ కావచ్చని చదివాను. అప్పుడు రుద్దకూడదు, ఆముదం పట్టించకూడదు, ఆలస్యం చేయకూడదు.

"రుద్దొద్దవ్వా. దవాఖానకు తీస్కపోత."

"ఓయబ్బో! డాక్టర్ సాబువా?"

"కాదవ్వా, దర్జీని."

"మరి చినిగినయి కుట్టుకో, కడుపుల ముచ్చట నీకెందుకు?" అంది. బస్సంతా నవ్వింది. సుజాత నవ్వలేదు.

కామారెడ్డిలో దిగేసరికి ఎనిమిదిన్నర. రాజంపేట బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. సుజాత వంగిపోయి అటే నడిచింది. నేను ఎదురుగా నిలబడ్డాను.

"దవాఖానకు పోతే కోస్తరు," అంది మెల్లగా. "మా చిన్నమ్మను గట్లనే తీస్కపోయిన్రు. మళ్ల ఇంటికి రాలే."

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నాగ్గూడ భయమైతుంది సుజాతా. నా మాట తప్పు గావాల్నని మొక్కుతున్న. తప్పైతే ఇయ్యాల్నే రాజంపేట పోదాం. ఆ అవ్వతోని నేను గూడ రుద్దించుకుంట."

ఆమె నవ్వబోయి నొప్పికి ఆగిపోయింది. బస్సు మా ముందు నుంచే వెళ్లిపోయింది. ఆటో పిలిచాను.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ పొట్ట మెల్లగా నొక్కి వదిలింది. నొక్కినప్పటికంటే వదిలినప్పుడే సుజాత గట్టిగా అరిచింది. రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది: "అపెండిక్స్ వాచింది. ఇయ్యాల్నే ఆపరేషన్ చెయ్యాలె. ఎవరన్న రుద్దిన్రా?"

"లేదమ్మా."

"మంచిగైంది. పగిలితే శానా కష్టమైతుండె."

లోపలికి తీసుకెళ్తుంటే సుజాత నా వేలు వదల్లేదు. "ఈడనే ఉంటవా?"

"ఇంకేడికి పోత?"

ఆపరేషన్ అయ్యాక సాయంత్రం కళ్లు తెరిచి నన్ను చూసింది. "ఉన్ననా?" అంది.

"ఉన్నవు."

"మరెందుకు ఏడుస్తున్నవు?"

కొన్నాళ్లకు ఇంటికి పంపారు. ఈ దారిన ఎవరైనా కడుపు నొప్పితో వస్తే నా మాట ఒకటి వినండి. చిన్న నొప్పికి వాము నీళ్లు తాగి చూడండి. పెరుగుతూ పోయినా, చోటు మారినా, జ్వరం వచ్చినా, పొట్ట చెక్కలా గట్టిపడినా, వాంతిలోనో విరేచనంలోనో రక్తం కనిపించినా, గర్భంతో ఉన్నప్పుడు నొప్పి వచ్చినా ఎవరి చేతా రుద్దించకండి. దగ్గరి దవాఖానకు వెళ్లండి. నాలా కామారెడ్డి దాకా ఆగకండి.

తిరుగు బస్సులో సుజాత నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. పొలాలు, చెరువులు, ఊళ్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. నేను మాత్రం ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. ఎల్లారెడ్డిలో అందరూ దిగిపోయాక కండక్టరు మా దగ్గరికి వచ్చాడు.

"దిగుతలేరా అన్నా?"

"దిగుతం తమ్మీ," అన్నాను గొంతు తగ్గించి. "జరసేపు ఆగు. ఇన్నొద్దులకు మంచిగ పండుకున్నది."