లాక్ ఫైలు, వైండింగు చీటీ

కోతికి కొబ్బరికాయ దొరికితే మహా అయితే కాయ పగులుతుంది. నాకు కంప్యూటర్ దొరికింది. ఏం పగిలిందో చెబుతాను, మీరు నవ్వండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

మాది నరసరావుపేటలో కిరాణా కొట్టు. ఎదురుగా మస్తాను బాబాయ్ మోటార్లకు వైండింగు చేసే షాపు. ఆయన కొడుకు ఖాజా, నేనూ కలిసి, మిరప విత్తనాల ప్యాకెట్టు ఎవరెవరి చేతులు మారిందో, ఎవరూ దిద్దలేని లెక్కల పుస్తకంలాంటి బ్లాక్‌చెయిన్‌లో రాసిపెట్టే ప్రోగ్రాం తయారుచేశాం. కంపెనీవాళ్లు చూడటానికి వస్తున్నారు. నచ్చితే ఉద్యోగం. నాకు కొట్టుంది. ఖాజాకు అదొక్కటే దారి. లేదంటే, చూపు తగ్గిన నాన్న పక్కన కూర్చుని రాగితీగ చుట్టాల్సిందే.

వాళ్లు రావడానికి పది నిమిషాల ముందు, మా ప్రోగ్రాం బయటినుంచి తెచ్చి వాడుకునే మాడ్యూళ్లకు కొత్త వెర్షన్లు వచ్చాయని కంప్యూటర్ తెర మీద కనిపించింది. కిరాణా రక్తం ఊరుకుంటుందా? పాత సరుకు కనిపిస్తే మా నాన్న వీపు విమానం మోత మోగిస్తాడు. ఏ మాడ్యూల్‌కు ఏ వెర్షన్ వాడామో రాసివున్న లాక్ ఫైలు అడ్డుగా ఉంటే, డిలీట్ చేసి మరీ అప్‌డేట్ కమాండు కొట్టాను.

ప్రోగ్రాం ఆగిపోయింది. తెర నిండా తప్పులు చూపించే ఎర్ర అక్షరాలు, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్లా.

"ఏందిరా ఇది?" అన్నాడు ఖాజా.

"కొత్త సరుకు దించానురా."

"లాక్ ఫైలేదిరా?"

"చెత్తనుకుని తీసేశా."

"చెత్తా! కాలిన మోటారు విప్పేటప్పుడు ఎన్ని చుట్లో, ఏ తీగో మా నాన్న చీటీ రాసుకోడూ? అది పోతే మళ్లీ ఎట్టా చుడతారురా?"

కంపెనీవాళ్లు వచ్చారు, టీ తాగారు, వెళ్లిపోయారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, షాపు మూసి మరీ వచ్చిన మస్తాను బాబాయ్ నా భుజం తట్టాడు.

"అక్షరాలు ఆనలేదు గానీ, ఎర్రగా చానా బాగుందిరా అబ్బాయ్!"

ఖాజా తల దించుకున్నాడు. మూడు రోజులు కూర్చుని ఒక్కో వెర్షనూ వెతికి ప్రోగ్రాం నడిపించాడు. కంపెనీవాళ్లు మళ్లీ రాలేదు.

మొన్న మా కొట్లో పిండిమర మోటారు కాలితే ఖాజా షాపుకే తీసుకెళ్లాను. చుట్లు లెక్కపెట్టి చీటీ రాశాడు. ఆ చీటీ చూద్దామని నేను చెయ్యి చాపాను.

"నీకియ్యనులేరా," అని జేబులో పెట్టుకున్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే ఏడుపొచ్చింది.

కాబట్టి మా కొట్లోని ఉప్పు బస్తా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకొకరి లాక్ ఫైలు ముట్టను. పాత క్యాలెండర్లు సైతం పారేయడం మానేశాను. ఖాజా తీగ చుడుతూనే ఉన్నాడు.