డ్రాగన్ చావుకబురు

ఆ వయసులో మనిషికి తన ఊహ మీద ఉండే గర్వం మరి దేనిమీదా ఉండదనుకుంటాను. నంద్యాలలో మొదటి ఉద్యోగంలో చేరిన రోజులవి. ఆదివారం మధ్యాహ్నాలు నా గదిలో నలుగురం చేరి ఓ ఆట ఆడేవాళ్ళం. కథ నడిపేది నేను, అందులో వీరులు మిగతా ముగ్గురూ. వాళ్ళు ఏం చెయ్యదలచుకున్నారో చెబితే, అది నెరవేరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేల్చేది. వాళ్ళ శత్రువు నా డ్రాగన్. ఊరికే నిప్పులు కక్కే జంతువు కాదది. అందరి పేర్లూ గుర్తుపెట్టుకుని, మర్యాదగా పలకరించి మరీ ఊళ్ళు తగలబెట్టేది. (దాని మాటతీరు మా ఆఫీసు మేనేజరుదని ఇప్పుడు ఒప్పుకోవచ్చు.) ఆరు నెలలు ముగ్గురూ దానికి హడలిపోయారు.

ఒక ఆదివారం, ఆళ్ళగడ్డ నుంచి బస్సులో వచ్చే మిత్రుడు (విగ్రహాలు చెక్కే ఇంటివాడు గనుక 'ఉలి' అనేవాళ్ళం) తన వీరుణ్ణి నేరుగా డ్రాగన్ నోట్లోకే దూకించాడు. "నేను సచ్చినా పర్లేదప్పా, వీళ్ళు బతకల్ల" అంటూ పాచిక వేశాడు. ఇరవై పడింది. ఆ పాచిక మీద అంతకన్నా పెద్ద అంకె లేదు. ఆట లెక్కన వీరుడితోపాటు డ్రాగనూ చావాలి. నాకు మనసొప్పలేదు. "వీరుడు చనిపోయాడు. డ్రాగన్ గాయంతో ఎగిరిపోయింది" అనేశాను.

ఉలి పాచికను నా ముందుకు నెట్టాడు. "అయితే మావోడు ఊరికే సచ్చినాడు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మూడు వారాలు రాలేదు, ఫోనూ ఎత్తలేదు.

నాలుగో ఆదివారం నేనే ఆళ్ళగడ్డ బస్సెక్కాను. షెడ్డులో ఉలి, వాళ్ళ నాయన రాయి చెక్కుతున్నారు. దారంతా వల్లెవేసుకున్న మాటలు మరిచిపోయి, గుమ్మంలోనే "సచ్చిపోయిందిరా" అన్నాను.

నాయన సుత్తి ఆగింది. "ఎవరప్పా పోయింది? మీ అమ్మ బాగుండాదా?" అంటూ కంగారుగా లేచారు.

"డ్రాగన్" అన్నాను. సంగతంతా చెప్పేసరికి నా చెవులు వేడెక్కాయి. నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"పిల్లోడు పానం పెట్టి చంపినాడు గదా, లేదంటే ఎట్ల? ఆడ కూచో. ఎట్ల సచ్చిందో సరిగ్గా చెప్పు. నేనూ ఇంటా."

రాతిపొడిలో కూర్చుని కడపటి ఊపిరి దాకా చెప్పాను. డ్రాగన్ ఉలి వీరుడి పేరు పలికి, "నువ్వే గెలిచావు" అని కన్ను మూసింది. ఉలి లేచి చేతుల రాతిపొడి దులుపుకున్నాడు. తర్వాత "రా, అన్నం తిందాం" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో డ్రాగన్లను పెంచాను, చంపనిచ్చాను, చప్పట్లు కూడా కొట్టాను. ఆ సాయంత్రం మాత్రం తిరుగు బస్సులో కిటికీవైపు తిరిగి ఆ మొదటి డ్రాగన్ కోసం ఏడ్చాను. కండక్టరు చూసి, టికెట్టు అడక్కుండా ముందుకెళ్ళి, నంద్యాల దగ్గర పడ్డాక వచ్చాడు. అలా బస్సులో ఏడ్చిన అప్పటి కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. కాని ఎదురుగా ఉంటే, నవ్వకుండా పక్క సీట్లో కూర్చునేవాణ్ణి.