ఉప్పు పిలుపు

బాలస్వామి చొక్కా జేబులో కల్లుప్పు ఉంటుంది. ఉతికేటప్పుడు ఆ జేబు తిరగేయడం మర్చిపోతే భార్య కరుణకు ఆ రోజంతా గొణుగుడే. ఆళ్లగడ్డకు తూర్పున, నల్లమల అంచునున్న పల్లె వాళ్లది. ఆయన మాట్లాడేది తక్కువ. పక్కన కూర్చుని ఊరికే ఉంటే, ఎప్పటికో ఒక మాట వస్తుంది. మిగతాది, ఆ పల్లెకు వచ్చిపోతుండే నాకు, కరుణ చెబుతుంది.

మేకల కోసం ఆయన దగ్గర ఒకే పిలుపు ఉంది. "ఊర్ర్ర్... దా, దా..." అని గొంతు లోపలి నుంచి తీస్తాడు. అది ఉప్పు పెట్టడానికే. సూది వేయించాలన్నా, సంతకు పట్టుకుపోవాలన్నా ఆ పిలుపు వాడకూడదు. చప్పుడు చేయకుండా పోయి వెనక్కాలు పట్టుకోవాలి. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి.

"పిల్చి మోసం చేస్తే మేక మర్చిపోదప్పా," అంటాడు. "మనిషైతే మర్చిపోతాడు."

మొన్న వేసవిలో చిరుత దిగుతోందని దొడ్డి చుట్టూ కంప రెట్టింపు వేశాడు. మనిషెత్తు ముళ్లకంప, ఎండి పెళపెళలాడుతూ ఉండేది. మేకలున్న వాళ్లంతా అదే చేశారు. చిరుత లోపలికి దూకలేకపోయింది. కానీ కొండ మీద అడవికి అంటుకుని రగులుతున్న మంట, గాలి తిరిగి ఒక మధ్యాహ్నం పల్లె మీదికి వచ్చింది. ఎండ ముదరకముందే ఇంటికి తోలిన మేకలన్నీ అప్పుడు దొడ్లలోనే ఉన్నాయి. బాలస్వామి అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తాడు. కంప అంటుకున్నాక దగ్గరికి పోయే వీలు లేదు.

"అవి అరుస్తాండాయి. నేను ఆడ నిలబడి ఉండా. అంతే."

అంతకంటే ఆ రోజు గురించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

మిగిలింది బొల్లి ఒక్కతే. కాలిలో ముల్లు దిగిందని పసుపు అద్ది, బయట వేపచెట్టు కింద వదిలిన మేక. చెవుల అంచులు కమిలాయి. కళ్లెదుట మంద అంతా పోవడం చూసింది. ఆ తర్వాత కంప కనిపిస్తే చాలు, ఆమడ దూరం నిలబడేది. చూడిది కూడా. అందుకని బాలస్వామి ఆరుబయట మంచం వేసుకుని, దాని పక్కనే పడుకునేవాడు.

వానలు పడ్డాక ఎవరో దాతలు పల్లెలో ఇనుప జాలీతో, రేకులతో కొత్త దొడ్లు కట్టించారు. వాళ్ల తరఫునే, పల్లె కోలుకుంటున్న తీరు మీద చిన్న డాక్యుమెంటరీ తీయడానికి నంద్యాల నుంచి క్రాంతి కుమార్ వచ్చాడు. మంచివాడు. కరుణ చేతి రాగిసంకటి తిని, ఆమెను అక్కా అని పిలిచేవాడు. సినిమా చివర బొల్లి కొత్త దొడ్లోకి నడిచిపోవాలన్నది అతని ఆశ.

బొల్లి పోతేనా! ఆకు చూపించారు, జొన్నలు చల్లారు. గడప దాకా వచ్చి వెనక్కి తిరిగేది. పక్కింటి పీరాకు అదొక వేడుక.

"ఏం బాలన్నా, హీరోయిన్ కాల్షీట్ ఇయ్యలేదా?"

"నువ్వు పో రా లోపలికి. నిన్ను తీస్తాడు," అంది కరుణ.

అందరూ నవ్వారు. క్రాంతి కుమార్ కూడా నవ్వి, బాలస్వామి దగ్గరికి వచ్చాడు. "అన్నా, నువ్వు పిలిస్తే వస్తుందంట కదా. ఒక్కసారి."

"వద్దు నాయనా. అది ఉప్పుకు పిలిచే పిలుపు," అంది కరుణ.

"ఉప్పే పెట్టనీ అక్కా."

బాలస్వామి దొడ్డి వైపు చూశాడు. రేకులు ఇచ్చినోళ్లు, ఇంత దూరం వచ్చినోళ్లు. కాదని ఎట్లా అనాలో ఆయనకు తెలియలేదు. లోపలికి పోయి, ఉప్పు చేతిలో పట్టి పిలిచాడు.

బొల్లి వచ్చింది. గడప దాటింది. అరచేయి నాకుతుండగా, అది వెనక్కి తిరక్కుండా పీరా బయటి నుంచి తలుపు మూశాడు.

"సూపర్ అన్నా! ఒక్క నిమిషం, అట్లే ఉండు," అన్నాడు క్రాంతి కుమార్ కెమెరాలోంచి చూస్తూ.

బొల్లి తల ఎత్తి తలుపు చూసింది. జాలీకేసి కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది. నోట్లో ఉప్పు ఇంకా కరగలేదు. "తెరువు రా!" అని బాలస్వామి అరిచాడు. తలుపు కదలడమే ఆలస్యం, పీరాను నెట్టుకుని కొండ దారి పట్టింది. ఆయన వెంటపడుతూ పిలిచాడు. ఒకసారి ఆగి, వెనక్కి చూసింది. మళ్లీ ఎక్కిపోయింది.

మర్నాడు పల్లె మొత్తం వెతికింది. క్రాంతి కుమార్ కూడా వాళ్లతో కొండంతా తిరిగాడు. రికార్డు చేసిన పిలుపును స్పీకర్లో పెట్టి కొండకు వినిపించాడు. బాలస్వామి గొంతు రాళ్లకు తగిలి తిరిగి వచ్చింది.

"ఆపు నాయనా," అన్నాడు బాలస్వామి. "ఆ పిలుపుతోనే కదా దాన్ని పట్టింది."

సినిమాను పల్లె చర్చిలో వేశారు. బొల్లి గడప దాటగానే అందరూ చప్పట్లు కొట్టారు. కరుణ లేచి బయటికి వచ్చేసింది. ఆ ముక్క తీసెయ్యమని బాలస్వామి అడిగాడు. క్రాంతి కుమార్, "అది తీస్తే ఇంకేముంటుందన్నా?" అన్నాడు.

కొత్త దొడ్డి ఖాళీగానే ఉంది. కొండ మీద చిరుత అడుగులు కనబడ్డాయని పీరా చెప్పాడు, ఈసారి నవ్వకుండా. బొల్లి ఈనే రోజులు దగ్గరపడ్డాయి. బాలస్వామి పొద్దు వాలేవేళకు, కొండ దారిలో మంటకు కాలిన బండ దాకా పోయి, ఉప్పు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. పిలవడు. ఒక సాయంత్రం నేనూ పక్కన కూర్చున్నాను.

"పిలవొచ్చు కదా?" అన్నాను.

"ఏమని పిలిచేది?" అన్నాడు. "ఉండేదే ఒక పిలుపు."

చెమటకు ఉప్పు కరిగి, వేళ్ల సందుల్లోంచి బండ మీద పడుతోంది.