వేలు ముట్టకుండా చేసిన పిక్కులు

1942 వేసవి. హిందూపురంలో బెల్లం మండీకి పోయే సందులో మా నాయన నాకు వదిలిపెట్టిన కంసాలి అంగడి. ముందు అరుగు, వెనక కుంపటి, నాలుగు సుత్తులు, పటకార్లు. కమ్మలు, ముక్కుపుడకలు, పసిపిల్లల మురుగులు చేసుకుంటూ బతికేవాణ్ణి. పనిలో నాకు మంచి పేరుండేది. ఆ పేరు మీద నాకు ఉండాల్సినదానికంటే ఎక్కువ మమకారం ఉండేది. జరిగినదానిలో దాని పాత్ర పెద్దది కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

ఒకరోజు పొద్దున్నే ముత్యాలప్ప వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. లేపాక్షి దారిలో ఒక పల్లెకు వెలుపలి వాడలో పుట్టినవాడు. మా కాలంలో ఆ ఒక్క మాట చాలు, మిగిలినది అందరికీ తెలిసేది. ఇప్పటివాళ్ల కోసం విడమరిచి రాస్తున్నాను: ఆయన నా అరుగు ఎక్కకూడదు, నేను ఆయనను తాకకూడదు. అందరూ ఆయనను 'ఏరా' అంటే నేను 'ఏమప్పా' అనేవాణ్ణి. అంతమాత్రానికే నన్ను నేను పెద్ద సంస్కర్తననుకునేవాణ్ణి.

ఆయన పదేళ్లు బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక దొర ఇంట్లో వంట చేశాడు. ఆ దొరసాని స్టీల్ గిటార్ వాయించేది. అది ఎదకు ఆనించుకొని వాయించే గిటార్ కాదు. ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంటారు. ఎడమచేత్తో నున్నటి ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తారు. దాన్ని బార్ అంటారు. కుడిచేతి బొటనవేలికీ, పక్క రెండు వేళ్లకూ కొసన తొడుగులు పెట్టుకొని మీటుతారు, వాటినే పిక్కులంటారు. తొడుగు లేని వేలితో మీటితే నాదం గొంతు పట్టేసినట్లు వస్తుంది. వంటింటి గడపలో నిలబడి వింటూ వింటూ ముత్యాలప్ప ఆ విద్య పట్టేశాడు. దొర బదిలీ అయి పోతుంటే దొరసాని గిటార్‌ను ఆయనకే ఇచ్చి పోయింది. వంటపని పోయింది, గిటార్ మిగిలింది.

ఆ వేసవిలో ఒక నాటకాల కంపెనీ మా ప్రాంతంలో తిరుగుతూ ఉండేది. ఆ మేనేజరుకు గ్రామఫోను ప్లేట్లలో విన్న ఈ జారే నాదం మీద మోజు. పెనుకొండ మకాములో ఆదివారం మధ్యాహ్నం ఊరిపెద్దల ముందు మూడు పాటలు వాయించి చూపమన్నాడు. నచ్చితే కంపెనీలో కొలువు. ముత్యాలప్పకు భార్య, ఇద్దరు పిల్లలు. ఈ కొలువు తప్పితే మిగిలింది పార పని, మట్టి పని. చేతులు మొరటుబారితే విద్య పోతుంది.

"సామీ, ఇట్లాటివి రెండు గావల్ల," అని బొటనవేలి పిక్ చూపించాడు. "యేలివి రెండూ యాడనో పడిపోయినాయి. యుద్ధం గదా, బెంగళూరులో గూడా దొరకలే. కంపెనీలో కులం అడగరంట సామీ. వాయిస్తే చాలంట."

వాళ్లమ్మ వెండి కడియాన్ని అరుగు అంచున పెట్టి వెనక్కు జరిగాడు. నేను దాన్ని పటకారుతో తీసి కుంపట్లో పెట్టాను. నిప్పు తగిలితే లోహానికి మైల ఉండదని మా ఆచారం. వాడలోంచి వచ్చిన ఏ వస్తువునైనా అట్లా నిప్పులో చూపి, ఆ తర్వాతే చేత్తో ముట్టేవాళ్లం. కొలతకు నూలుదారం విసిరాను.

"నువ్వే యేలికి చుట్టి ముడేసి ఈడ పెట్టప్పా," అన్నాను. పెట్టాడు.

దారం చుట్టుకొలత చెబుతుంది, వేలి ఆకారం చెప్పదు. ఉంగరమైతే కణుపు ఆపుతుంది. పిక్ కణుపు దాటి వేలికొసన కూర్చుంటుంది. అక్కడ వేలు గుండ్రంగా ఉండదు. గోరు వైపు చదును, కింద మెత్త, కొసకు సన్నం. పట్టుకొని చూస్తే తప్ప తెలియదు. పైగా వాయిస్తూ ఉంటే వేడికి వేలు కొంచెం ఉబ్బుతుంది, చెమటకు జారుతుంది. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఆ రోజు నేను రెండు చిన్న ఉంగరాలకు నాలుకలు అతికించినట్లు చేశాను, వేలిని కరుచుకొనే రెండు రెక్కలు, అంటే చెవులు, కలపకుండా విడిగా వదిలి.

ఒక్కటి మాత్రం సరిగ్గా చేశాను. వెండి మెత్తటిది. సుత్తితో సాగగొట్టేకొద్దీ బిగువెక్కుతుంది, వంచితే మళ్లీ వెనక్కు వస్తుంది. అట్లా బిగువెక్కించి ఇచ్చాను. అదే వెండిని నిప్పులో పెడితే ఆ బిగువంతా పోయి మళ్లీ మెత్తబడుతుంది. కంసాలి ఇంట్లో పుట్టిన ఎవరికైనా నడక వచ్చేనాటికే తెలిసే సంగతి ఇది.

శనివారం ముత్యాలప్ప మళ్లీ వచ్చాడు. ముఖం వెలుగుతూ ఉంది.

"బాగా కరుచుకుంటాండాయి సామీ. ఈ యేలిది మాత్రం చెమట పడితే కొంచిం జారతాండాది. యేలి మీద ఉండంగానే ఈ రెండు చెవులూ నొక్కితే చాలు." తొడుగు పెట్టుకున్న వేలిని నా వైపు చాచాడు.

పటకారు నా చేతిలోనే ఉంది. ఒక్క నొక్కు. అప్పుడు అరుగు మీద పెళ్లి నగల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వెంట ఒక పెద్దాయన కూర్చొని ఉన్నారు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

"తీసి ఈడ పెట్టు," అన్నాను.

పెట్టాడు. ఆయన వేలికి తొడిగిన వస్తువు. పటకారుతో ఎత్తి కుంపట్లో పెట్టాను. ఎర్రబడింది. తీసి నీళ్లలో వేశాను. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, బిగువు పోయింది. మళ్లీ సాగగొట్టి మలచాలంటే గంట పని. పెద్దాయన గొంతు సవరించుకుంటున్నాడు. రెండు చెవులూ దగ్గరికి నొక్కేసి అరుగు అంచున పెట్టాను.

"ఇంక కదలదు పో," అన్నాను. నాకు తెలిసి, నోరారా చెప్పిన అబద్ధం అది.

ఆయన తొడుక్కున్నాడు. వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత "సరే సామీ" అని వెళ్లిపోయాడు.

ఆదివారం నేనూ బస్సెక్కి పెనుకొండ పోయాను. నా పనితనం నలుగురిలో మెరుస్తుంటే చూద్దామని ఆశ. సిగ్గు లేకుండా ముందు వరసలోనే కూర్చున్నాను. ముత్యాలప్ప మొదటి పాట వాయించాడు. వక్కాకు నమిలే నోళ్లు ఆగిపోయాయి. రెండో పాటకు మేనేజరు కళ్లు మూసుకొని తల ఊపుతున్నాడు. కొలువు వచ్చినట్లేనని నా పక్కాయన అన్నాడు.

మూడో పాట వడి పాట. సగంలో పిక్ విచ్చుకొని ఎగిరిపోయింది. ఆయన ఉత్త వేలితో లాక్కురావాలని చూశాడు. నాదం పట్టేసింది. వెనకనుంచి ఎవరో నవ్వారు. నవ్వు అంటువ్యాధి లాంటిది, ఊరిపెద్దలూ నవ్వారు.

"పిక్ వదులైంది సామీ. ఒగ్గడియ ఇయ్యండి," అన్నాడు ముత్యాలప్ప.

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట," అన్నాడు మేనేజరు. అయినా మనిషి మరీ చెడ్డవాడు కాడు. అవి చేసిన ఆచారి ఇక్కడే ఉన్నాడని ఎవరో చెబితే నా వైపు తిరిగి మర్యాదగానే అడిగాడు: "ఏమప్పా ఆచారీ, తప్పు వస్తువుదా, మనిషిదా?"

తప్పు నాదని ఒక్క మాట అంటే చాలు. ఆయనకు ఒక గడువు దొరికేది. నాకు ఏమి పోయేది? నలుగురిలో కాస్త పేరు. దాన్నే పట్టుకొని వేలాడాను.

"వస్తువులో దోషం లేదండీ," అన్నాను. "నా పనికి ఇంతవరకు మాట రాలే. ఏసుకొనే అలవాటుండల్ల."

మేనేజరు గిటార్ కట్టేసుకొమ్మన్నాడు. ముత్యాలప్ప నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత వంగి, కూర్చున్నవాళ్ల కాళ్ల మధ్య ఆ వెండి ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాడు. అది నాకు రెండడుగుల దూరంలో బల్ల కింద పడి ఉంది. నాకు కనబడుతూనే ఉంది. నేను చెప్పలేదు, తీసి ఇవ్వలేదు. కాళ్లు వెనక్కి తీసుకున్నాను. వాళ్లమ్మ కడియంలో ముక్క అది.

ఆ తర్వాత వీణ వాయించేవాళ్లు కొందరు మీటు తొడుగుల కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్ల వేళ్లను మాత్రం ఒళ్లో పెట్టుకొని చూసేవాణ్ణి. కాసేపు వాయించి వేళ్లు వేడెక్కాక కొలత తీయాలని, లోపలివైపు ఆకురాయితో సన్నగా గీతలు పెట్టాలని, వేలికి చిటికెడు మైనం రాస్తే చెమటకు జారదని, ఆఖరి బిగింపు వేలి మీదనే చేయాలని నేర్చుకున్నాను. ఆఖరిది ముత్యాలప్ప నాకు ముందే చెప్పినది.

1946లో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటి పెళ్లికి నగలు ఇవ్వడానికి ధర్మవరం పోయాను. రైలు దిగి నడుస్తుంటే ఇంజన్ల షెడ్డు దగ్గర బొగ్గు గంప దించుతూ ఆయన కనబడ్డాడు. దాటిపోదామనే మొదట అనుకున్నాను. పది అడుగులు పోయాను కూడా. తర్వాత వెనక్కు తిరిగాను.

"ముత్యాలప్పా," అన్నాను.

"సామీ, బాగుండారా?"

"ఆ పొద్దు తప్పు నాదే. నేను అబద్ధం చెప్పినా. నీ చెయ్యి ఇట్లియ్యి, చూస్తా. కొత్తవి చేసిస్తా."

"మసి ఉండాది సామీ," అని చేయి వెనక్కు తీసుకున్నాడు. నేనే పట్టుకున్నాను. పట్టపగలు, వచ్చేపోయే జనం మధ్య. ఏమీ కాలేదు. ఎవరూ తిరిగి కూడా చూడలేదు. నాలుగేళ్ల కిందట నేను చేయలేకపోయినది ఇంత చిన్న పని. ఆయనవి వేలికొసలు కాయలు కాచి, గోళ్లు చీలి, పార పట్టే చేతులైపోయాయి.

"చేసిస్తే తొడుక్కుంటా సామీ," అన్నాడు. "వాయించేదానికి యాడికి పోవల్ల?"

ఆ కంపెనీ ఎప్పుడో ఎత్తిపోయింది. ఆయన చేయి వదలకుండానే, నన్ను చాలాకాలంగా తొలుస్తున్నది అడిగాను.

"వదులుగా ఉండాదని నీకు నా అంగడికాడనే తెలిసిందా?"

"తొడుక్కోంగానే తెలిసింది. ముందురోజు కరుచుకొని ఉన్నింది, ఆ పొద్దు గుడ్డముక్క మాదిరి ఉన్నింది."

"మరి అప్పుడే చెప్పింటే?"

"చెప్తే ఇంగోసారి కాలుస్తారు గదా సామీ," అన్నాడు.

కోపంతో అనలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్లు, ఉన్న మాట చెప్పాడు. షెడ్డులోంచి పిలుపు వస్తే గంప ఎత్తుకొని పోయాడు.

పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ ఒక మాట చెబుతూ వచ్చాను: వేలు పట్టుకోకుండా వేలికి వస్తువు చేయవద్దు, చేసినదాన్ని మళ్లీ కాల్చవద్దు. ఎందుకని అడిగితే వెండి గుణం చెప్పేవాణ్ణి. వెండి బిగువు, వేలి ఆకారం, చెమట అన్నీ వివరంగా చెప్పి, తెలిసినవాడిలా తల ఊపేవాణ్ణి. ముత్యాలప్ప పేరు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంతకాలం పట్టింది.